పీట్ రోజ్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బేస్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హిట్లు కొట్టినవాడికి ఆ ఆటలో మేటివాళ్ల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లేదంటే కొత్తగా ఆట చూస్తున్నవాళ్లు ఒక పట్టాన నమ్మరు. అమెరికా వెళ్లి, పిల్లల స్కూల్ టీముల పుణ్యమా అని ఈ ఆట అలవాటు చేసుకున్న మనవాళ్లు కూడా కొన్నాళ్లకి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. 2025 మే నుంచి ఈ వాదన మళ్లీ వేడెక్కింది. నా అభిప్రాయం దాచుకోను. కానీ ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో సగం గొడవ వివరాలు తెలియక వచ్చేదే.

అసలు పీట్ రోజ్ ఎవరు?

1941 ఏప్రిల్ 14న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో పుట్టాడు. 1963లో సొంత ఊరి టీమ్ సిన్సినాటి రెడ్స్‌లో చేరి, ఆ ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. 1973లో, అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. రెడ్స్‌తో 1975, 1976లో, ఫిలడెల్ఫియా ఫిలీస్‌తో 1980లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివర ఛాంపియన్‌ని తేల్చే పోటీ) గెలిచాడు. 17 సార్లు ఆల్-స్టార్ టీమ్‌లోకి వచ్చాడు. అదీ ఒకే చోట నిలబడి కాదు, మైదానంలో ఐదు వేర్వేరు స్థానాల్లో ఆడి. 1978లో వరసగా 44 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్క హిట్ అయినా కొట్టాడు.

అతని ముద్దుపేరు చార్లీ హజిల్. పిచ్చర్ (బంతి వేసేవాడు) నాలుగు తప్పుడు బంతులు వేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఉచితంగా వస్తుంది. అందరూ తీరిగ్గా నడుచుకుంటూ వెళ్తారు. రోజ్ మాత్రం అప్పుడు కూడా పరుగెత్తేవాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు అది చూసి న్యూయార్క్ యాంకీస్ సీనియర్లు ఎగతాళిగా పెట్టిన పేరది. అతను దాన్ని బిరుదులా మోశాడు.

4,256 హిట్లు అంటే నిజంగా అంత గొప్పా?

గొప్పే. ఒక సీజన్‌లో 200 హిట్లు కొడితే ఆ ఏడాది ఆ ఆటగాడి గురించే అందరూ మాట్లాడుకుంటారు. అలా ఏడాదికి 200 చొప్పున 21 ఏళ్లు కొట్టినా 4,200 దగ్గరే ఆగుతారు. రోజ్‌కి ఇంకో 56 మిగిలి ఉంటాయి. బంతిని కొట్టి, అవుట్ కాకుండా సొంతంగా బేస్ చేరితేనే అది హిట్. పదిసార్లలో మూడుసార్లు చేయగలిగితే స్టార్ అంటారు. రోజ్ 14,053 ప్రయత్నాల్లో .303 సగటు నిలబెట్టుకున్నాడు.

1985 సెప్టెంబర్ 11 రాత్రి సంగతి చెప్పాలి. సిన్సినాటి రివర్‌ఫ్రంట్ స్టేడియం, ఎదురుగా శాన్ డియాగో పాడ్రెస్ పిచ్చర్ ఎరిక్ షో. మొదటి ఇన్నింగ్స్‌లోనే రోజ్ ఎడమ-మధ్య మైదానంలోకి ఒక సింగిల్ కొట్టాడు. 4,192వ హిట్. టై కాబ్ 1928లో ఆట మానేసినప్పటి నుంచి ఎవరూ దాటని 4,191 ఆ దెబ్బకి వెనకబడింది. (తర్వాత లెక్కలు తిరగేసినవాళ్లు కాబ్‌వి నిజానికి 4,189 అన్నారు. ఆ రాత్రి ఎవరికీ ఆ పట్టింపు లేదు.) చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. షో చేసేదేం లేక పిచ్చర్ దిబ్బ మీదే కూర్చున్నాడు. టీమ్ యజమానురాలు ఎర్ర కార్వెట్ కారు మైదానంలోకే తెప్పించింది. ఎప్పుడూ మొండిగా కనిపించే రోజ్ మొదటి బేస్ దగ్గర కోచ్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. కాసేపటికి అతని కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ మ్యాచ్ రెడ్స్ 2-0తో గెలిచింది, రెండు పరుగులూ రోజ్‌వే.

అప్పటికి అతనికి 44 ఏళ్లు. ఆటగాడూ అతనే, మేనేజర్ (టీమ్‌ని నడిపే కోచ్) కూడా అతనే. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

ఎక్కువ ఏళ్లు ఆడాడు కాబట్టే రికార్డు వచ్చిందంటారు. నిజమేనా?

కొంత నిజం. కాబ్ కంటే 500 మ్యాచ్‌లకు పైగా ఎక్కువ ఆడాడు. మొత్తం 3,562 మ్యాచ్‌లు, అది కూడా రికార్డే. 1983లో సగటు .245కి పడిపోయింది, ఒక్క హోమ్ రన్ లేదు. మామూలు ఆటగాడైతే అక్కడితో ఇంటికి పంపేవారు. 1984 ఆగస్టు నుంచి రెడ్స్ మేనేజర్ తనే కాబట్టి జాబితాలో తన పేరు తనే రాసుకునే వీలు దొరికింది.

అయినా చివరి నాలుగైదేళ్లు తీసి పక్కన పెట్టండి. మూడు బ్యాటింగ్ టైటిళ్లు, పది సీజన్లలో 200కి పైగా హిట్లు, మూడు వరల్డ్ సిరీస్‌లు అప్పటికీ మిగులుతాయి. ఆట ఒక్కటే కొలమానమైతే అసలు చర్చే ఉండదు. అమెరికా లీగ్‌లో 3,089 హిట్లు కొట్టిన ఇచిరో సుజుకికి 2025 హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 394 ఓట్లలో 393 వచ్చాయి.

మరి నిషేధం ఎందుకు పడింది?

రెడ్స్ మేనేజర్‌గా ఉంటూ రెడ్స్ మ్యాచ్‌ల మీదే పందేలు కాశాడు.

1989లో లీగ్ తరఫున జాన్ డౌడ్ అనే న్యాయవాది విచారణ చేసి 225 పేజీల నివేదిక ఇచ్చాడు. బుకీల ఖాతాలు, ఫోన్ బిల్లులు, రోజ్ చేతిరాతతో ఉన్న బెట్టింగ్ చీటీలు అందులో ఉన్నాయి. ఒక్క 1987లోనే 52 రెడ్స్ మ్యాచ్‌ల మీద పందెం కాశాడని నివేదిక తేల్చింది. 1989 ఆగస్టు 24న అప్పటి కమిషనర్ (లీగ్ అధిపతి) బార్ట్ గియామట్టి శాశ్వత నిషేధం ప్రకటించాడు. రోజ్ దానికి ఒప్పుకుని సంతకం చేశాడు. ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది: బేస్‌బాల్ మీద పందెం కాశాడని లాంఛనంగా ఎక్కడా రాయలేదు, ఏడాది తర్వాత మళ్లీ చేర్చుకోమని దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. కానీ విలేకరులు అడిగినప్పుడు గియామట్టి, కాశాడనే తాను నమ్ముతున్నానని చెప్పాడు. ఎనిమిది రోజులకే, సెప్టెంబర్ 1న, గుండెపోటుతో చనిపోయాడు.

1990లో ఆదాయపు పన్ను లెక్కలు తప్పుగా చూపించిన కేసులో నేరం ఒప్పుకుని రోజ్ ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. అది వేరే కేసు. చాలామంది రెండూ కలిపేస్తారు.

పందెం కాస్తే జీవితాంతం వెలివేయడం మరీ ఎక్కువ కాదా?

శిక్ష ఎంతో రోజ్‌కి ముందే తెలుసు. లీగ్ నియమావళిలో 21వ నిబంధన ఉంది. నీకు సంబంధం లేని బేస్‌బాల్ మ్యాచ్ మీద కాస్తే ఏడాది నిషేధం, నువ్వు పాల్గొనే మ్యాచ్ మీద కాస్తే శాశ్వత నిషేధం. ప్రతి టీమ్ డ్రెస్సింగ్ రూమ్‌లోనూ గోడకి అంటించి ఉంటుంది. 1963 నుంచి 1989 దాకా రోజ్ రోజూ దాని ముందు నుంచే మైదానంలోకి వెళ్లాడు.

అంత కఠినంగా ఎందుకు రాశారో తెలియాలంటే 1919కి వెళ్లాలి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారన్న ఆరోపణ దేశాన్ని కుదిపేసింది. 1921లో కోర్టు నిర్దోషులంది. అయినా మొదటి కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఎనిమిది మందిని శాశ్వతంగా బయటికి పంపాడు. ఆ సిరీస్‌లో గెలిచిన టీమ్ ఏదో తెలుసా? సిన్సినాటి రెడ్స్. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఈ కథ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కానీ తన టీమ్ గెలుస్తుందనే కదా కాశాడు! ఓడిపోవాలని కాదు కదా. తప్పేంటి?

అన్నిటికంటే ఎక్కువగా వినపడే వాదన ఇదే. మంచివాళ్లు కూడా దీని దగ్గరే మెత్తబడతారు. రోజ్ రెడ్స్‌కి వ్యతిరేకంగా కాశాడనడానికి డౌడ్‌కి ఆధారం దొరకలేదన్నది నిజం. అయినా ఈ వాదన నిలబడదు. ఎందుకో కొంచెం నిదానంగా చూద్దాం.

బేస్‌బాల్ సీజన్‌లో ఒక టీమ్ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. మేనేజర్ పనిలో సగం ఎవరిని ఆడించాలన్నది కాదు, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలన్నది. ముఖ్యంగా చివర్లో వచ్చే రిలీఫ్ పిచ్చర్లు. భుజం అరిగిపోయే పని అది. మంచి పిచ్చర్‌ని వరసగా రెండు రోజులు వాడితే మూడో రోజు కూర్చోబెట్టాలి. ఈరోజు ఓడినా ఫర్వాలేదు, రేపటికి భుజం మిగలాలి అనుకునే రోజులు ప్రతి మేనేజర్‌కీ ఉంటాయి.

ఇప్పుడు ఆ మేనేజర్ ఈరోజు మ్యాచ్ మీద వేల డాలర్లు కాశాడనుకోండి. ఎనిమిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు ఆధిక్యం. అలసిపోయిన పిచ్చర్‌ని లేపుతాడా, ఆపుతాడా? అతను నిజాయితీగానే నిర్ణయం తీసుకుని ఉండొచ్చు. కానీ ఆ నిర్ణయం టీమ్ కోసమో తన డబ్బు కోసమో ఆ పిచ్చర్‌కి తెలియదు, ప్రేక్షకుడికీ తెలియదు. ఆ కుర్రాడి భుజం ఎవరి లాభం కోసం అరిగిందో చెప్పగలిగేవాళ్లు లేరు.

రెండోది, కాయని రోజులు. 2007లో రోజ్ ఒక రేడియో కార్యక్రమంలో ప్రతి రాత్రీ నా టీమ్ మీద కాశానని చెప్పుకున్నాడు. డౌడ్ దాన్ని ఖండించాడు. కొందరు పిచ్చర్లు ఆడే రోజుల్లో కాయలేదన్నాడు. అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. రెడ్స్ మేనేజర్ ఈరోజు రెడ్స్ మీద డబ్బు పెట్టలేదు అంటే, అవతల ఉన్న బుకీకి అంతకంటే మంచి సమాచారం ఇంకేం కావాలి? ఎవరి మోచెయ్యి నొప్పిగా ఉందో, ఎవరు ఫామ్‌లో లేరో, ప్రపంచంలో అందరికంటే ముందు మేనేజర్‌కే తెలుస్తుంది. కాయకపోవడంతోనే ఆ గుట్టు బుకీకి చేరిపోయినట్టు.

మూడోది అప్పులు. అక్రమ బుకీకి బాకీ పడ్డ మనిషి ఆ బుకీ చేతిలో కీలుబొమ్మ. ఇవాళ డబ్బు అడుగుతాడు, రేపు ఇంకేదో అడుగుతాడు. అలా అడిగారనీ, రోజ్ చేశాడనీ ఆధారం లేదు. నిబంధన ఉన్నది మాత్రం ఆ పరిస్థితే రాకుండా చూడటానికి.

ఆటగాడిగా ఉన్నప్పుడు కాయలేదు, మేనేజర్‌గా మాత్రమే కాశాడు అంటారు. ఆటగాడి రికార్డుకి దీంతో సంబంధం ఏముంది?

2015 దాకా ఈ వాదనకి బలం ఉండేది. ఆ ఏడాది, 1989లో రోజ్ పరిచయస్తుడొకరి ఇంట్లో అధికారులు స్వాధీనం చేసుకున్న నోట్‌బుక్ పేజీలు బయటికొచ్చాయి. 1986లో ఇంకా ఆడుతున్న రోజుల్లోనే రెడ్స్ మ్యాచ్‌ల మీద కాసినట్టు అందులో లెక్కలున్నాయి. అతని ఆఖరి మ్యాచ్ 1986 ఆగస్టులో. కాబట్టి ఆటగాడు వేరు, మేనేజర్ వేరు అని గీసిన గీత చెరిగిపోయింది.

హిట్లు మాత్రం నిజమైనవే. వాటిని ఎవరూ కొట్టివేయలేదు. ఏ రికార్డు పుస్తకం తెరిచినా మొదటి పేరు రోజ్‌దే.

తప్పు ఒప్పుకున్నాడు కదా?

2004 జనవరిలో, తన ఆత్మకథలో. అంటే నిషేధం పడ్డ 14 ఏళ్లకి పైన.

నాకు పందెం కంటే బాధ కలిగించేది ఈ మధ్య కాలమే. ఆ 14 ఏళ్లూ రోజ్ టీవీల్లో, సభల్లో, అభిమానుల కళ్లలోకి చూస్తూ బేస్‌బాల్ మీద ఎప్పుడూ కాయలేదన్నాడు. డౌడ్ అబద్ధాలకోరు అన్నట్టు మాట్లాడాడు. అతన్ని నమ్మి స్నేహితులతో, ఇంట్లోవాళ్లతో పోట్లాడినవాళ్లున్నారు. ఒప్పుకున్నప్పుడు కూడా మొదట ఒక మాట, తర్వాత ఒక మాట. ఆటగాడిగా ఉన్నప్పుడు మాత్రం కాయలేదన్న మాట నోట్‌బుక్ బయటపడేదాకా పట్టుకుని ఉన్నాడు.

తర్వాత బంతుల మీద "బేస్‌బాల్ మీద పందెం కాసినందుకు క్షమించండి" అని రాసి, సంతకం పెట్టి అమ్మాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో ప్రతి ఏడాదీ వేడుక జరిగే వారాంతంలో మెయిన్ స్ట్రీట్ మీద ఒక దుకాణంలో బల్ల వేసుకుని ఆటోగ్రాఫులు అమ్మేవాడు. అది చూసి జాలిపడ్డవాళ్లున్నారు, కోప్పడ్డవాళ్లున్నారు. నాకు రెండూ కలుగుతాయి.

హాల్ ఆఫ్ ఫేమ్ లీగ్‌ది కాదా? లీగ్ నిషేధిస్తే హాల్ ఎందుకు ఆగాలి?

రెండూ వేర్వేరు సంస్థలు. హాల్ ఆఫ్ ఫేమ్ న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న ఊరైన కూపర్స్‌టౌన్‌లో 1939లో తెరిచిన స్వతంత్ర మ్యూజియం. ఆటగాడు రిటైరయ్యాక ఐదేళ్లు ఆగి, పదేళ్ల అనుభవమున్న బేస్‌బాల్ రచయితలు ఓట్లేస్తారు. 75 శాతం వస్తే లోపలికి.

రోజ్ పేరు మొదటిసారి బ్యాలెట్ మీదకి రావాల్సింది 1991 డిసెంబర్‌లో. సరిగ్గా ఆ ఏడాది ఫిబ్రవరిలో హాల్ బోర్డు కొత్త నిబంధన పెట్టింది: లీగ్ శాశ్వత నిషేధ జాబితాలో ఉన్నవాళ్ల పేరు బ్యాలెట్ మీదకే రాకూడదు. అంతకుముందు ఈ నిబంధన లేదు. 1919 గొడవలో వెలివేసిన ఎనిమిది మందిలో ఒకడైన షూలెస్ జో జాక్సన్‌కి పాత రోజుల్లో ఓట్లు కూడా పడ్డాయి. ఒక్క మనిషిని ఆపడానికి తలుపు దగ్గర కొత్త తాళం వేయించినట్టయింది.

ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. రోజ్ అర్హుడని కాదు. ఓటేసేవాళ్లకి ఆలోచించే అవకాశం ఇవ్వకపోవడం తప్పు. 1992 ఎన్నికలో 41 మంది రోజ్ పేరు తమంతట తామే బ్యాలెట్ మీద రాశారు, అవి చెల్లలేదు. ఆ ఏడాదే పిచ్చర్ టామ్ సీవర్‌కి 430లో 425 ఓట్లొచ్చాయి. మిగిలిన ఐదు బ్యాలెట్లలో మూడు ఖాళీవి. రోజ్‌ని ఆపినందుకు నిరసనగా వాటిని ఖాళీగా వదిలేశారు.

హాల్‌లో ఇప్పటికే మహానుభావులేం లేరు కదా. వాళ్లకి లేని శీలపరీక్ష రోజ్‌కే ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. ఓటర్లకి హాల్ ఇచ్చే సూచనల్లో ఆటతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక చూడమని ఉంది. అయినా నల్లజాతి ఆటగాళ్లతో ఆడనని మొండికేసిన క్యాప్ ఆన్సన్ 1939 నుంచీ అక్కడున్నాడు. బంతికి జిడ్డు పూసి వేసేవాడిగా పేరుపడ్డ గేలార్డ్ పెర్రీని 1991లో, రోజ్‌కి తలుపు మూసిన ఏడాదే, లోపలికి తీసుకున్నారు.

స్టెరాయిడ్ల ఆరోపణలున్న బారీ బాండ్స్ పరిస్థితి వేరు. అత్యధికంగా 762 హోమ్ రన్లు కొట్టిన అతనికి పదేళ్లు బ్యాలెట్ మీద చోటిచ్చారు. 2022లో ఆఖరిసారి 66 శాతం వచ్చింది, చాల్లేదు. బయటే ఉన్నాడు, కానీ ఓటింగ్ జరిగాక. రోజ్‌కి ఆ పాటి విచారణ కూడా దొరకలేదు.

అయితే వీళ్లున్నారు కాబట్టి అతన్నీ రానివ్వాలి అనడం నాకు నచ్చదు. అలా పోతే ప్రతి తప్పూ తర్వాతి తప్పుకి సిఫారసు లేఖ అవుతుంది.

ఇది మన అజారుద్దీన్ కేసు లాంటిదేనా?

హైదరాబాద్ వాళ్లకి వెంటనే గుర్తొచ్చేది ఇదే. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, మొత్తం 99 టెస్టులు, 6,215 పరుగులు. 2000 డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది.

పోలిక అక్కడిదాకానే. అజారుద్దీన్ కోర్టుకెళ్లి తీర్పు తెచ్చుకున్నాడు. రోజ్ 1989లో కోర్టుకెళ్లి మధ్యలో వదిలేసి, నిషేధానికి సంతకం చేసి, 2004లో ఆరోపణే నిజమన్నాడు. ఇంకో తేడా, ఒకరిపై ఆరోపణ ఫిక్సింగ్, మరొకరు చేసింది పందెం. మణికట్టుతో ఆ ఫ్లిక్ చూసి పెరిగినవాళ్లకి ఒక విషయం మాత్రం చెప్పక్కర్లేదు: ఇష్టమైన ఆటగాడి మీద అనుమానం పడ్డాక పాత ఇన్నింగ్స్ మళ్లీ చూడటం ఎంత కష్టమో. సిన్సినాటి వాళ్ల బాధ మనకి అర్థమయ్యేది అక్కడే.

ఇప్పుడు లీగే బెట్టింగ్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంటోంది. మరి రోజ్‌ని ఏ మొహం పెట్టుకుని ఆపుతారు?

2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు బెట్టింగ్‌ని చట్టబద్ధం చేసుకునే వీలొచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో లీగ్ కాసినో కంపెనీ ఎంజీఎంతో ఒప్పందం చేసుకుంది. ఇప్పుడు మ్యాచ్ పెడితే బెట్టింగ్ ప్రకటనల మధ్యలో ఆట వెతుక్కోవాలి. చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

కానీ ప్రేక్షకుడు కాయడం వేరు, మైదానంలో ఉన్నవాడు కాయడం వేరు. 2024 జూన్‌లో టుకుపిటా మార్కానో అనే ఆటగాడు తన టీమ్ మ్యాచ్‌ల మీద కాశాడని జీవితకాల నిషేధం వేశారు. 2025 నవంబర్‌లో క్లీవ్‌లాండ్ పిచ్చర్లు ఇద్దరిపై, బెట్టింగ్ చేసేవాళ్ల కోసం కొన్ని బంతులు కావాలని తప్పుగా వేశారంటూ ఫెడరల్ అభియోగాలు నమోదయ్యాయి. బెట్టింగ్ ఇంట్లోకి వచ్చేసింది కాబట్టి 21వ నిబంధన పాతబడిపోలేదు. ఇప్పుడే ఎక్కువ అవసరం.

2017లో బయటికొచ్చిన మరో ఆరోపణ సంగతేంటి?

చాలామంది దీన్ని దాటేస్తారు. దాటేయకూడదు. డౌడ్ మీద రోజ్ వేసిన పరువునష్టం కేసులో ఒక మహిళ ప్రమాణపత్రం దాఖలు చేసింది. 1970లలో తనకి 16 ఏళ్లు నిండకముందే రోజ్ తనతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడని అందులో చెప్పింది. సంబంధం ఉందని రోజ్ ఒప్పుకున్నాడు. ఆమెకి అప్పుడు 16 అనుకున్నానన్నాడు. అప్పటికి అతను 30 దాటిన, పెళ్లై పిల్లలున్న మనిషి. దీనిపై నేరారోపణ ఎప్పుడూ నమోదు కాలేదు. ఫిలీస్ మాత్రం ఆ ఏడాది అతనికి చేయాల్సిన సన్మానం రద్దు చేసింది. 2022లో ఫిలడెల్ఫియాకి వచ్చినప్పుడు ఒక మహిళా విలేకరి దీని గురించి అడిగితే, అది 55 ఏళ్ల కిందటి మాట అని తేలిగ్గా కొట్టిపారేశాడు.

హాల్‌లో పెట్టే గౌరవ ఫలకం గురించి మాట్లాడుతున్నప్పుడు ఇది పక్క విషయం ఎలా అవుతుంది?

2025లో ఏం మారింది?

రోజ్ 2024 సెప్టెంబర్ 30న, 83 ఏళ్ల వయసులో, లాస్ వెగాస్‌లో చనిపోయాడు. 2025 మే 13న కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ ఒక నిర్ణయం ప్రకటించాడు: శాశ్వత నిషేధం ఆ మనిషి మరణంతో ముగుస్తుంది. చనిపోయినవాళ్ల వల్ల ఆట నిజాయితీకి ముప్పు ఉండదన్నది వాదన. రోజ్‌తో పాటు షూలెస్ జో, 1919 టీమ్ మిగతావాళ్లు, అందరూ కలిపి 17 మంది పేర్లు జాబితా నుంచి తీసేశారు.

ఇదే మన్‌ఫ్రెడ్ 2015లో రోజ్ దరఖాస్తు తిరస్కరించాడు. అప్పటికీ రోజ్ చట్టబద్ధంగా బేస్‌బాల్ మీద కాస్తూనే ఉన్నానని అతనికే చెప్పాడు. పైగా 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ రోజ్‌కి క్షమాభిక్ష ఇస్తానని ప్రకటించి, హాల్‌లో చేర్చాలని ఒత్తిడి చేశాడు. కమిషనర్ నిర్ణయం సొంతంగా తీసుకున్నదే కావచ్చు, కానీ వచ్చిన సమయం అనుమానాలకి తావిచ్చింది.

ఇప్పుడు ఎవరు, ఎప్పుడు ఓటేస్తారు?

రచయితల బ్యాలెట్ గడువు ఎప్పుడో దాటిపోయింది. 1980కి ముందు ప్రధానంగా ఆడినవాళ్లని చూసే ప్రత్యేక కమిటీ 2027 డిసెంబర్‌లో కూర్చుంటుంది. ముందు వేరే బృందం ఎనిమిది మంది పేర్లు ఎంపిక చేస్తుంది. ఆ ఎనిమిదిలో రోజ్ ఉంటే, 16 మంది సభ్యుల్లో 12 మంది ఒప్పుకోవాలి. ఒక్కో సభ్యుడికి మూడు ఓట్లే. ఐదు ఓట్లు కూడా రాకపోతే తర్వాతి విడతకి పేరు రాదు, అలా రెండుసార్లయితే ఇక ఎప్పటికీ రాదు. గెలిస్తే 2028 వేసవిలో వేడుక.

షూలెస్ జోని, రోజ్‌ని ఒకే గాటన కట్టొచ్చా?

కట్టకూడదు. జో 5,000 డాలర్లు తీసుకున్నాడు, అదే సిరీస్‌లో .375 కొట్టాడు. అతను నిజంగా ఓడిపోవడానికి ఆడాడా అన్నది ఇంకా తెగని వాదన. రోజ్ విషయంలో ఏం జరిగిందన్న సందేహం లేదు.

మీకు ఓటుంటే వేస్తారా?

వేయను.

పేరు బ్యాలెట్ మీద ఉండాలి, చర్చ జరగాలి, 1991లోనే జరిగి ఉండాల్సింది. కానీ నా ఓటు పడదు. అతని బ్యాట్లు, రికార్డులు మ్యూజియంలో ఇప్పటికే ఉన్నాయి, ఉండాలి కూడా. చరిత్రలో అతని చోటు ఎవరూ తీసేయలేదు. సిన్సినాటి 2016లో తన సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది, 14వ నంబర్ జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వనంది, మరుసటి ఏడాది విగ్రహం పెట్టింది. ఆ ఊరికి ఆ హక్కుంది, నాకు అందులో అభ్యంతరం లేదు. కూపర్స్‌టౌన్ ఫలకం వేరు. ఆ గోడ మీదున్నది ఆట మొత్తం కలిసి ఇచ్చే గౌరవం. రోజ్ వల్ల నేరుగా నష్టపోయింది ఆ ఆటే.

12 మంది వేస్తే దాన్ని దోపిడీ అని మాత్రం అనను. వాళ్లకి కనిపించే రోజ్ నాకూ కనిపిస్తాడు: ఉచితంగా వచ్చిన బేస్‌కి కూడా పరుగెత్తిన కుర్రాడు.

ఒకవేళ ఎన్నికైతే ఫలకం మీద ఏం రాయాలి?

4,256, 3,562, 44 అని అంకెలు రాయాలి. మూడు వరల్డ్ సిరీస్‌లు రాయాలి. వాటి కిందే, అదే సైజు అక్షరాల్లో, 1989లో తన టీమ్ మ్యాచ్‌లపై పందెం కాసినందుకు నిషేధానికి గురయ్యాడని కూడా రాయాలి. ఆ వాక్యం లేకుండా ఫలకం పెడితే దానికి నేను ఒప్పుకోను.